ఫియర్‌లెస్ కొనాలంటే పాతదా, టేలర్స్ వర్షనా?

పదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు పోయిన నెల ఫోన్ చేసింది. "పిన్నీ, పుట్టినరోజుకి నాన్న ఏదైనా అడగమన్నారు. టేలర్ స్విఫ్ట్ ఫియర్‌లెస్ సీడీ కావాలన్నాను. తీరా చూస్తే మూడు రకాలున్నాయి. ఏది అడగను?" అంది. ఒక్క మాటలో చెప్పేద్దామని మొదలుపెట్టాను, గంట పట్టింది. ఆ గంటలో దానికి చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. ఈ ప్రశ్న దాని ఒక్కదానిదే కాదు కదా.

ముందు ఆ మూడూ ఏమిటో చూద్దాం. అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ రెండో ఆల్బమ్ ఫియర్‌లెస్ 2008 నవంబర్ 11న బిగ్ మెషీన్ రికార్డ్స్ నుంచి వచ్చింది. 13 పాటలు, గంటకు కాస్త తక్కువ. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు నిండడానికి ఇంకా నెల రోజులుంది. ఏడాది తిరక్కుండానే, 2009 అక్టోబర్‌లో, మరో 6 పాటలు చేర్చి, ఒక డీవీడీ జతచేసి ప్లాటినమ్ ఎడిషన్ పేరుతో మళ్లీ విడుదల చేశారు. ఇక మూడోది 2021 ఏప్రిల్ 9న వచ్చిన ఫియర్‌లెస్ టేలర్స్ వర్షన్. 26 పాటలు, గంటా ముప్పావు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పాత ఘంటసాల పాటల్లో గరగర తీసేసి, శుభ్రం చేసి మళ్లీ అమ్ముతారే, ఇది అలాంటిది కాదు. ప్లాటినమ్‌లో ఉన్నవి పాత రికార్డింగులే, పక్కన కొత్త పాటలు చేరాయి, అంతే. టేలర్స్ వర్షన్‌లో మాత్రం పాత రికార్డింగు ఒక్కటీ లేదు. ప్రతి పాటా, ప్రతి వాద్యం, ప్రతి వంత గొంతూ మళ్లీ స్టూడియోలో మొదటి నుంచి రికార్డు చేశారు. బాణీ అదే, మాటలు అవే, పాడిన మనిషీ ఆమే. వయసు మాత్రం 31.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటిసారి వింటున్నవాళ్లూ, ఒక్కటే కొనదలచుకున్నవాళ్లూ టేలర్స్ వర్షన్ తీసుకోండి. 2009, 2010 ప్రాంతాల్లో ఈ పాటలతో పెరిగినవాళ్లు పాతది వదులుకోవద్దు, దాని బదులు కొత్తది చాలుతుందని ఎవరన్నా నమ్మొద్దు. ప్లాటినమ్ కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టాల్సిన అవసరం చాలామందికి లేదు.

నేను ఎందుకిలా అంటున్నానో తెలియాలంటే రెండూ పక్కపక్కన పెట్టి వినాలి. నేను మొదట విన్నది కాకినాడలో, ఇంజినీరింగ్ హాస్టల్‌లో. పక్క గదమ్మాయి ఫోన్‌లో ఈ ఆల్బమ్‌లోని లవ్ స్టోరీ పాట ఉండేది. ఒక ఇయర్‌ఫోన్ దాని చెవిలో, ఒకటి నా చెవిలో. ఆ అమెరికన్ పలుకుబడి సగం అర్థమయ్యేది కాదు. పాట ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో లైనూ రికార్డు పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవాళ్లం. అందుకే ఆ పాత రికార్డింగులో ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా నాకు గుర్తు. 2021 ఫిబ్రవరిలో కొత్త లవ్ స్టోరీ ముందుగా విడుదలైనప్పుడు మొదటి చరణం దాకా తేడా పట్టుకోలేకపోయాను. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాక తెలిసింది. గొంతు కిందికి దిగింది, నిండుగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. 2008లో పై స్వరాలు అందుకునేటప్పుడు ఆ పిల్ల గొంతు కాస్త సన్నబడుతుంది, కాస్త ముక్కుతో పలుకుతుంది, నాష్‌విల్ కంట్రీ సంగీతపు యాస అక్కడక్కడ కావాలనే సాగదీస్తుంది. కొత్తదాంట్లో ఆ యాస బాగా తగ్గిపోయింది.

గాత్రం కొలతల్లో చూస్తే కొత్తదే మెరుగు. ఇందులో నాకు సందేహం లేదు. కానీ ఈ ఆల్బమ్‌లోని పాటలన్నీ ఒక అమ్మాయికి అప్పుడే జరుగుతున్నవి. పాతదాంట్లో అవి జరుగుతూ ఉంటాయి, కొత్తదాంట్లో గుర్తుకొస్తూ ఉంటాయి. ఏ పాటకు ఏది కావాలో దాన్ని బట్టే తేలుతుంది.

ఫరెవర్ అండ్ ఆల్వేస్ తీసుకోండి. మనసు విరిగిన కోపం చల్లారకముందే రాసి, ఆల్బమ్ పూర్తయ్యే చివరి రోజుల్లో పట్టుబట్టి చేర్చిన పాట అది. 2008 రికార్డింగులో ఆ కోపం మాటల్లోనే కాదు, పాడే తీరులోనూ ఉంటుంది. లైను చివర్లు తుంచేసినట్టు పాడుతుంది, చివరికొచ్చేసరికి దాదాపు అరుస్తుంది. కొత్తదాంట్లో అవే స్వరాలు, అదే వేగం. కానీ ఆ కోపం లేదు. ఉండమంటే ఎలా ఉంటుంది? పదమూడేళ్లు గడిచిపోయాయి. ఈ ఒక్క పాటకు మాత్రం నేను పాతదే వింటాను, మిమ్మల్నీ పాతదే వినమంటాను. యూ ఆర్ నాట్ సారీ విషయంలోనూ నా మాట అదే, కాకపోతే అంత పట్టుగా చెప్పను.

ఫిఫ్టీన్‌కి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. హైస్కూల్లో అడుగుపెట్టిన పదిహేనేళ్ల పిల్లకి అక్కలాంటి మనిషి చెబుతున్నట్టు రాసిన పాట. 18 ఏళ్ల అమ్మాయి 15 ఏళ్ల పిల్లకి జీవితం గురించి చెబుతుంటే ముద్దుగా ఉంటుంది, నిజమే. అదే మాట 31 ఏళ్ల ఆవిడ చెబితే వేరు. ఆ పాట ఇన్నాళ్లూ ఈ గొంతు కోసమే ఎదురుచూసిందనిపించింది నాకు. మా అక్క కూతురికి ఇప్పుడు సరిగ్గా పదిహేను. దానికి కొత్తది కొనమనడానికి ఈ ఒక్క పాట చాలు.

ది బెస్ట్ డే కూడా అంతే. వాళ్లమ్మ ఆండ్రియా కోసం రాసిన పాట ఇది. అమ్మకి తెలియకుండా రాసి, రికార్డు చేసి, చిన్నప్పటి ఇంటి వీడియోలతో కలిపి క్రిస్మస్ నాడు చూపించింది. సగం అయ్యాక గానీ ఆ పాట తన కూతురిదేనని తల్లికి తెలియలేదట. కౌమారం దాటుతున్న పిల్ల అమ్మ గురించి పాడటం ఒక ఎత్తు. ముప్పై దాటిన కూతురు అదే పాటను మళ్లీ పాడటం ఇంకో ఎత్తు. నేను రెండూ వింటాను. ఎంచుకోమంటే ఎంచుకోలేను.

హే స్టీఫెన్‌లో ఒకచోట ఆమె చిన్నగా నవ్వుతుంది. పాత అభిమానులందరికీ ఆ నవ్వు తెలుసు, కొత్తదాంట్లో అది ఉంటుందా లేదా అని ఎదురుచూశారు. ఉంది. మళ్లీ నవ్వింది. ఇలాంటి చోటే ఈ పని ఎంత శ్రద్ధగా చేశారో తెలుస్తుంది. బ్రీత్ పాటలో 2008లో గొంతు కలిపిన కోల్బీ కాలేనే తిరిగి వచ్చి పాడింది. పాత ఆల్బమ్ నిర్మాత నేథన్ చాప్‌మన్ ఈసారి లేడు. ఆయన చోట టేలర్‌తో పాటు క్రిస్టఫర్ రో నిర్మాతగా ఉన్నాడు. వాయించినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఆమెతో వేదికల మీద తిరిగిన వాద్యకారులే. కొత్త రికార్డింగులో బాంజో, ఫిడేలు, డ్రమ్స్ దేనికది విడివిడిగా, తేటగా వినబడతాయి. మంచి స్పీకర్లున్నవాళ్లు మొదట గమనించేది అదే. పాతదాంట్లో అన్నీ కలిసి ఒక్కసారిగా మీదికొస్తాయి. కారులో కిటికీలు దించుకుని వెళ్లేటప్పుడు నాకు ఆ హోరే బాగుంటుంది.

ఇప్పుడు చేంజ్ గురించి. ఆల్బమ్ చివరి పాట. ఒక చిన్న కంపెనీలో ఉండి పెద్ద కంపెనీలతో పోటీపడుతున్నామన్న బెంగ నుంచి, ఎప్పటికైనా గెలుస్తామన్న ఆశ నుంచి పుట్టిన పాట అది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికా జట్టు కోసం తెచ్చిన పాటల సంకలనంలోనూ చేర్చారు. ఆ చిన్న కంపెనీ బిగ్ మెషీన్. 2019 జూన్‌లో దాన్ని సంగీత వ్యాపారి స్కూటర్ బ్రాన్‌కు చెందిన ఇథాకా హోల్డింగ్స్ అనే కంపెనీ కొనేసింది. దాంతో పాటు ఆమె మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగులూ, అంటే స్టూడియోలో పట్టిన అసలు రికార్డింగులూ, వెళ్లిపోయాయి. కొనుక్కునే అవకాశం తనకు సరైన తీరులో ఇవ్వలేదని ఆమె బహిరంగంగానే చెప్పింది. మరుసటి ఏడాది అవి షామ్‌రాక్ అనే పెట్టుబడి సంస్థ చేతికి మారాయి. ఇదంతా జరిగాక, ఏ కంపెనీ కోసం ఆ పాట రాసిందో ఆ కంపెనీ లేకుండా, అదే చేంజ్‌ను తన సొంతానికి మళ్లీ పాడింది. 2008 రికార్డింగు ఆశగా వినబడుతుంది. 2021 రికార్డింగు నాకు ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డుపడినట్టు చేస్తుంది.

సొంత పాటను మళ్లీ పాడటానికి హక్కెలా వచ్చిందని మా అక్క కూతురు అడిగింది. ఒక పాటకు రెండు యాజమాన్యాలుంటాయి. రాసిన మాటలూ బాణీ ఒకటి, స్టూడియోలో పట్టిన ధ్వని ఇంకొకటి. 2017లో తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దంటూ ఇళయరాజా నుంచి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంకు లీగల్ నోటీసు వచ్చినప్పుడు మనింట్లో ప్రతివాళ్లం దీని గురించి వాదించుకున్నాం, గుర్తుందా? అక్కడ గొడవ మొదటిదాని గురించి, ఇక్కడ రెండోదాని గురించి. తన పాటలు తనే రాసుకుంది కాబట్టి మొదటి హక్కు టేలర్ దగ్గరే ఉంది. ఫియర్‌లెస్‌లోని 13 పాటల్లో 7 పాటలు ఒక్కతే రాసింది, మిగతావాటిలో లిజ్ రోజ్ లాంటి రచయితలు చెయ్యి కలిపారు. ఒప్పందంలోని గడువు తీరగానే, 2020 నవంబర్ నుంచి, వాటిని మళ్లీ రికార్డు చేసే వీలు కలిగింది.

ఈ గొడవ వల్ల కొన్నేళ్ల పాటు ఎంపిక చాలా తేలికగా ఉండేది. ఆమె మీద అభిమానముంటే కొత్తది విను, పాతది ముట్టకు. నేనూ పాటించాను. 2021 నుంచి నాలుగేళ్లు పాత ఫియర్‌లెస్ పెట్టలేదు, ఫరెవర్ అండ్ ఆల్వేస్ వినాలనిపించినా ఆపుకున్నాను. 2025 మే 30న ఆ మాస్టర్ రికార్డింగులన్నీ షామ్‌రాక్ నుంచి తనే కొనుక్కున్నానని ఆమె ప్రకటించింది. ఆ రోజుతో పాత సలహాలన్నీ చెల్లిపోయాయి. ఇప్పుడు ఏది విన్నా, ఏది కొన్నా అది ఆమె సొత్తే. 2025కు ముందు రాసిన సలహాల్లో పాతది వినొద్దని కనిపిస్తే పట్టించుకోకండి. చెవికి ఏది నచ్చితే అది ఎంచుకునే స్వేచ్ఛ మనకిప్పుడే వచ్చింది.

ప్లాటినమ్ ఎడిషన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అందులో అదనంగా చేరిన 6 పాటలూ, జంప్ దెన్ ఫాల్, ది అదర్ సైడ్ ఆఫ్ ది డోర్, ఫరెవర్ అండ్ ఆల్వేస్ పియానో రూపంతో సహా, అన్నీ టేలర్స్ వర్షన్‌లో ఉన్నాయి. అన్‌టచబుల్ అనేది లూనా హేలో అనే బృందం పాటను తనదైన తీరులో మార్చి పాడింది. ఇది మాత్రం కొత్త గొంతులోనే బాగుంది. ప్లాటినమ్‌తో నాకున్న పెద్ద ఇబ్బంది వరస. అదనపు పాటలను ముందు పెట్టి అసలు ఆల్బమ్‌ను వెనక్కి నెట్టారు. ఫియర్‌లెస్ అనే పాటతో మొదలై చేంజ్‌తో ముగిసే ఆ 13 పాటల నడక అక్కడ చెడిపోయింది. పదమూడు ఆమె అదృష్ట సంఖ్య, అప్పట్లో చేతి మీద రాసుకుని వేదిక ఎక్కేది. టేలర్స్ వర్షన్‌లో ఆ 13 పాటలూ పాత వరసలోనే ముందుంటాయి, మిగతావన్నీ తర్వాత వస్తాయి. ప్లాటినమ్ డీవీడీలో వీడియోలూ తెర వెనక దృశ్యాలూ ఉన్నాయి. డీవీడీ ప్లేయర్ ఇంకా పనిచేస్తున్న ఇల్లయితే చూసుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకుంటే డీవీడీ ఉందో లేదో ముందే ఫొటో అడగండి. నాకొకసారి పెట్టె వచ్చింది, అందులో సీడీ ఒక్కటే ఉంది.

ఇక కొత్తదానికి అసలు బలం చివర్లో ఉంది. 2010లో ఒక సినిమా కోసం పాడిన టుడే వాజ్ ఎ ఫెయిరీటేల్ తర్వాత వచ్చే ఆరు పాటలు, అప్పట్లో రాసి ఆల్బమ్‌లో చోటు దొరక్క ఉండిపోయినవి. వాటికి ఫ్రమ్ ది వాల్ట్ అని పేరు పెట్టింది. మా అమ్మమ్మ ఇంట్లో అయితే భోషాణంలోంచి తీసినవి అనేవాళ్లం. ఇవి పాత రూపంలో ఎక్కడా అధికారికంగా విడుదల కాలేదు కాబట్టి పోలికకు తావు లేదు. వినాలంటే ఇక్కడే. మిస్టర్ పర్‌ఫెక్ట్లీ ఫైన్ వాటిలో మేలైనది. ఆమె ఒక్కతే రాసింది, నిర్మాత జాక్ ఆంటొనాఫ్‌తో కలిసి రికార్డు చేసింది. దీన్ని 2008లో ఎలా పక్కన పెట్టారో నాకు అర్థం కాదు. యూ ఆల్ ఓవర్ మీలో మేరెన్ మోరిస్ వంత పాడింది, దాని నిర్మాణంలో ఆరన్ డెస్నర్ చెయ్యి ఉంది. ఆయనతో చేసిన ఆమె మరో ఆల్బమ్ ఫోక్‌లోర్ విన్నవాళ్లు ఆ నెమ్మదిని ఇట్టే గుర్తుపడతారు. దట్స్ వెన్‌లో కంట్రీ గాయకుడు కీత్ అర్బన్ గొంతు కలిపాడు. 2009లో ఆయన కచేరీ యాత్రలో ఈ అమ్మాయి ముందు పాడేది. ఇప్పుడు ఆయనే ఈమె ఆల్బమ్‌కు అతిథిగా వచ్చాడు. డోంట్ యూ, బై బై బేబీ నన్నంతగా పట్టుకోలేదు.

పాతదాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి ఇంకో కారణం చరిత్ర. అమెరికాలో 11 వారాలు బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో అగ్రస్థానంలో ఉన్నది, 2010 జనవరి 31న గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా నిలిచింది ఆ 2008 రికార్డింగే. అప్పటికి ఆమెకు 20 ఏళ్లు, ఆ బహుమతి అందుకున్నవాళ్లలో అందరికన్నా చిన్నది. పదేళ్ల తర్వాత బిల్లీ ఐలిష్ వచ్చేదాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. కొత్తది కూడా వెలితి లేకుండానే గెలిచింది. మళ్లీ రికార్డు చేసిన ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరడం అదే తొలిసారి.

కొనే ముందు చూసుకోవాల్సినవి కొన్నే. కొత్తదానికి సీడీలైతే రెండు, ఎల్పీలైతే మూడు. పాతది సీడీ ఒక్కటి, ఎల్పీలు రెండు. గ్రామఫోన్ రికార్డుల మోజు మళ్లీ మొదలైన ఇళ్లలో ఆ మూడు ఎల్పీలు అందంగానే ఉంటాయి, కానీ ప్రతి నాలుగైదు పాటలకూ లేచి తిప్పాలి. పిల్లలకైతే సీడీ చాలు. ఫోన్‌లో వినేవాళ్లకు గుర్తు ఒక్కటే, పాట పేరు చివర టేలర్స్ వర్షన్ అని ఉంటే కొత్తది, లేకపోతే పాతది. యాప్‌లో పాతదాన్ని వెతికితే తరచూ ప్లాటినమ్ వరసే ముందొస్తుంది. అలాంటప్పుడు 13 పాటలనూ అసలు వరసలో సొంత ప్లేలిస్ట్‌గా పెట్టుకోండి, ఐదు నిమిషాల పని.

నా ప్లేలిస్ట్‌లో పదకొండో పాట ఫరెవర్ అండ్ ఆల్వేస్ ఒక్కటే పాతది, మిగతా పన్నెండూ కొత్తవి. చేంజ్ అయిపోయాక మిస్టర్ పర్‌ఫెక్ట్లీ ఫైన్ ఒకటి తగిలించాను. మొదటిసారి వింటున్నవాళ్లెవరికైనా ఇదే ఇస్తాను. 2009లో హాస్టల్ గదిలో నాతో ఇయర్‌ఫోన్ పంచుకున్న ఆ అమ్మాయి ఇప్పుడు డల్లాస్‌లో ఉంటుంది. తను మాత్రం పాతది తప్ప విననంటుంది, కొత్తది ఎవరో మంచి గాయని పాడినట్టుంటుందట. వాదించను. ఆ రికార్డు పుస్తకం దాని దగ్గరే ఉంది.

మా అక్క కూతురు చివరికి టేలర్స్ వర్షన్ సీడీలే అడిగింది. వాళ్ల నాన్న తెప్పించారు. వారం రోజులుగా ఇంట్లో ఫిఫ్టీన్ తప్ప ఇంకోటి మోగడం లేదని మా అక్క అంటోంది. నిన్న రాత్రి పదకొండింటికి దాని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "పిన్నీ, ఫరెవర్ అండ్ ఆల్వేస్ పాతది పంపవా?" పంపాను.